ఐర్లాండ్‌లో ఏ ఊరు? అత్తగారి ముత్తాత కోసం వెతుకులాట డైరీ

జనవరి

మా అత్తగారి ముత్తాత ఐర్లాండ్‌లో ఏ ఊరివాడో కనుక్కోవాలి. ఈ ఏడాది నా ప్రాజెక్టు ఇదే. పిల్లల స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నా వైపు పని మా అమ్మకి చేసిన ఒక్క ఫోన్‌తో అయిపోయింది, గోత్రం దగ్గర్నుంచి మా ముత్తాత ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి దత్తత వెళ్ళాడో దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మా ఆయన వైపు మాత్రం నాలుగు మెట్లు ఎక్కేసరికి "ఐర్లాండ్" అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. పిల్లల చార్టు ఆ మాటతోనే స్కూలుకి వెళ్ళిపోయింది గానీ నాకు మనసొప్పలేదు.

చేతిలో ఉన్నది చాలా తక్కువ. అత్తగారి పుట్టింటి పేరు సలివాన్. పెద్దాయన అసలు పేరు ఇక్కడ రాయను, కుటుంబంలో అందరికీ ఇష్టం ఉండకపోవచ్చు. జెరమయా అనుకుందాం, అమ్మానాన్నల పేర్లు కూడా అలా అనుకున్నవే. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో బట్టల మిల్లులో పనిచేశాడు, అక్కడే పోయాడు. కౌంటీ కార్క్ అని ఇంట్లో అందరూ అంటారు, నీకెవరు చెప్పారంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. ఐర్లాండ్‌లోని 32 కౌంటీల్లో కార్కే పెద్దది, సలివాన్లు అక్కడ అడుగడుగునా ఉంటారు.

ఇంట్లో చెప్పుకునే కథలు మూడు. న్యూయార్క్ దగ్గర వలసవాళ్ళని దింపే ఎల్లిస్ ఐలాండ్‌లో దిగాడట. అక్కడి గుమాస్తా ఓ'సలివాన్‌లోని "ఓ" కొట్టేశాడట. లోవెల్‌లో కాలువలు తవ్వి డబ్బు కూడబెట్టి, ఊళ్ళో ఉన్న చెల్లెల్ని తెప్పించుకున్నాడట. అత్తగారు ఇవన్నీ తన కళ్ళముందు జరిగినట్టే చెప్తారు.

ముందు వీటినే పరీక్ష పెట్టాను. 1900 అమెరికా జనాభా లెక్కల్లో ఈ దేశానికి ఏ ఏడాది వచ్చారు అని ఒక గడి ఉంటుంది, పెద్దాయన దగ్గర 1883 అని ఉంది. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892 జనవరి 1న. కాబట్టి మొదటి కథ మొదటి రోజే పోయింది. ఆ రోజు అక్కడ మొట్టమొదట దిగింది కార్క్ నుంచి వచ్చిన 17 ఏళ్ళ ఆనీ మోర్. ఆమె విగ్రహాలు అక్కడా ఉన్నాయి, ఓడ ఎక్కిన కోవ్ రేవులోనూ ఉన్నాయి. అంత ప్రసిద్ధురాలి విషయంలోనే, టెక్సాస్‌లో చనిపోయిన వేరే ఆవిడని ఆమె అని దశాబ్దాలపాటు నమ్మారు. అసలు ఆనీ న్యూయార్క్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదని 2006లో గానీ తేలలేదు. ఇక మా ఇంటి కథలెంత.

"ఓ" సంగతీ అంతే. దిగే రేవులో గుమాస్తాలు పేర్లు కొత్తగా రాసేవాళ్ళు కాదు, ఓడవాళ్ళు తయారుచేసి తెచ్చిన జాబితా ముందు పెట్టుకుని సరిచూసుకునేవాళ్ళు. ఆ "ఓ" ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఐర్లాండ్‌లోనే రాలిపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సొంత భాష మీద మళ్ళీ అభిమానం పుంజుకున్నాక చాలా ఇళ్ళవాళ్ళు తిరిగి తగిలించుకున్నారు. అందుకే ఒకే కుటుంబం 1850ల కాగితంలో సలివాన్‌గానూ 1911లో ఓ'సలివాన్‌గానూ కనిపిస్తుంది, రెండుచోట్లా వెతకాలి.

కాలువలు? లోవెల్‌కి కాలువ పనులకి ఐరిష్ కూలీలు 1822లో వచ్చారు, హ్యూ కమిస్కీ అనే మేస్త్రీ వెనక చార్ల్స్‌టౌన్ నుంచి నడుచుకుంటూ. పెద్ద కాలువల్లో ఆఖరిదైన నార్తర్న్ కెనాల్ 1840ల్లోనే అయిపోయింది. 1883లో వచ్చినవాడికి తవ్వడానికి ఏం మిగిలిందని. చెల్లెలి కథ ఒక్కటే మిగిలింది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

ఫిబ్రవరి

పెద్దాయన గురించి అమెరికాలో ఉన్న ప్రతి కాగితమూ తీశాను. అన్నీ దొరికాయి, దేనిలోనూ ఊరు లేదు.

జనాభా లెక్కల్లో వచ్చిన ఏడాది 1900లో 1883, 1910లో 1882, 1920లో 1885. వయసు కూడా లెక్కకీ లెక్కకీ పొంతన లేదు, ఆయనకే తెలిసినట్టు లేదు. 1890 లెక్కలు చాలామటుకు లేనే లేవు, 1921లో వాషింగ్టన్‌లో నిప్పంటుకుని పోయాయి. పెళ్ళి రిజిస్టర్‌లో తల్లిదండ్రులు జాన్, మేరీ అని ఉంది. కార్క్‌లో సలివాన్ ఇంటిపేరుతో జాన్, మేరీ అంటే అదీ ఒక ఆధారమేనా! మరణ ధృవీకరణలో తల్లి పుట్టింటి పేరు దగ్గర "తెలియదు" అని రాసి ఉంది. వివరాలు చెప్పింది అల్లుడు, పాపం ఆయనకెలా తెలుస్తుంది. ఈ కాగితాల్లో ఏముంది అన్నదాని కంటే ఎవరు చెప్పగా రాశారు అన్నది ముందు చూడాలని నాకు ఇక్కడే బాగా తలకెక్కింది.

ఓడ జాబితా ఇంకో తలనొప్పి. లివర్‌పూల్ నుంచి బయల్దేరి కార్క్ దగ్గర క్వీన్స్‌టౌన్‌లో జనాన్ని ఎక్కించుకుని బాస్టన్ చేరే క్యూనార్డ్ కంపెనీ ఓడలు ఆ రోజుల్లో మామూలే. క్వీన్స్‌టౌన్ అంటే ఇప్పటి కోవే. ఆ కాలపు జాబితాలో ఉండేది పేరు, వయసు, పని, దేశం, అంతే. "కూలీ, ఐర్లాండ్." అదే పేరుతో, దాదాపు అదే వయసుతో, దగ్గర దగ్గర సంవత్సరాల్లో దిగినవాళ్ళు ముగ్గురున్నారు. వీళ్ళలో మనవాడెవరో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, కాబట్టి ముగ్గుర్నీ రాసి పెట్టుకుని ఎవర్నీ చెట్టుకి తగిలించలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, డబ్బు కట్టే ఒక సైట్‌లో ఈ ముగ్గుర్నీ ఒకే మనిషిగా కుట్టేసిన చెట్లు ఎన్ని ఉన్నాయో. ఒకళ్ళు పెడతారు, మిగతావాళ్ళు అది చూసి కాపీ కొడతారు, కొన్నాళ్ళకి ఇంతమంది రాశారు కదా నిజమే అయ్యుంటుందని సైటే మనకి సూచన పంపుతుంది. ఒక చెట్టులో అయితే తల్లి కంటే కొడుకు పదేళ్ళు పెద్ద. నేను ఆ సూచనలు వచ్చే బటన్ ఆపేశాను, ప్రశాంతంగా ఉంది.

పౌరసత్వం కాగితం ఒక్కటే కాస్త ఆశ చూపించింది. 1906కి ముందు ఈ పని ఏ కోర్టులోనైనా అయ్యేది, ఫారాలు పొట్టిగా ఉండేవి, పుట్టిన చోటు దగ్గర "ఐర్లాండ్" అనో మహా అయితే కౌంటీ పేరో ఉంటుంది. మన కాగితంలో కార్క్ అని ఉంది, అంటే ఇంట్లో అనుకునేది కనీసం ఒట్టి మాట కాదు. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. అందులో ఒకాయన ఇంటిపేరు హారింగ్టన్. అప్పటికి దాన్ని పట్టించుకోలేదు, ఊరికే రాసుకున్నాను.

మార్చి

పద్ధతి మార్చాను. పెద్దాయన్ని వదిలేసి ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ మీద పడ్డాను. పొట్టచేత పట్టుకుని దేశం కాని దేశం వెళ్ళినవాడు ఒంటరిగా బతకడు, సాక్షి సంతకానికి, పిల్లల చర్చి పనికి, అద్దె గది పంచుకోవడానికి తన ఊరివాళ్ళనే వెతుక్కుంటాడు. న్యూజెర్సీలో దిగిన మనవాళ్ళు చేసేది కూడా అదే కదా.

బాస్టన్ కథోలిక మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నీ) పాత రిజిస్టర్లని న్యూ ఇంగ్లాండ్ వంశచరిత్ర సంఘంవాళ్ళు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. లోవెల్ చర్చి పుస్తకాల్లో పెద్దాయన పిల్లల జ్ఞానస్నానాలు వరుసగా దొరికాయి. ప్రభుత్వ జనన రిజిస్టర్‌లో జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి (జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ళు) పేర్లుండవు, చర్చి పుస్తకంలో ఉంటాయి. మొదటి కొడుకు జ్ఞానతండ్రి మళ్ళీ హారింగ్టనే, పౌరసత్వానికి సాక్షి సంతకం పెట్టిన ఆయనే. రెండో బిడ్డ జ్ఞానతల్లి ఒక సలివాన్ ఆవిడ.

సలివాన్, హారింగ్టన్ ఇంటిపేర్లు ఒక్కచోట ఇంత దగ్గరగా తిరిగాయంటే ఐర్లాండ్ గురించి తెలిసినవాళ్ళు వెంటనే చూసేది బేరా ద్వీపకల్పం. దేశానికి నైరుతి మూల, ఒక వేలు అట్లాంటిక్‌లోకి చాచినట్టు ఉంటుంది. రాతి కొండలు, సన్నటి సాగు నేల, చేపలు. అలిహీస్ దగ్గర 1812లో రాగి గనులు తెరిచారు, అవి తగ్గుముఖం పట్టాక అక్కడి గని పనివాళ్ళు బృందాలుగా మోంటానాలోని బ్యూట్ రాగి గనులకి వెళ్ళారు. ఈ బ్యూట్ సంగతి మళ్ళీ వస్తుంది.

బేరాలో ఇంకో చిక్కుంది. భూమి చాలావరకు కార్క్ కౌంటీలోది, చర్చి మాత్రం పక్కనున్న కెర్రీ మేత్రాసనం కిందకి వస్తుంది. కార్క్ మేత్రాసనం పుస్తకాల్లో ఎన్నాళ్ళు వెతికినా బేరావాళ్ళు దొరకరు. ఈ ఒక్క వాక్యం ముందే తెలిస్తే చాలామందికి నెలల పని మిగులుతుంది, అందుకే విడిగా రాస్తున్నాను.

బాస్టన్‌లో పైలట్ అనే కథోలిక పత్రికలో 1831 నుంచి 1921 దాకా తప్పిపోయినవాళ్ళ కోసం ప్రకటనలు వచ్చేవి. "ఫలానా కౌంటీ, ఫలానా పారిష్ నుంచి వచ్చిన మా తమ్ముడు, ఆఖరుసారి ఫలానా రైలు పట్టాల పనిలో ఉన్నాడని విన్నాం" ఈ ధోరణిలో ఉంటాయి. పారిష్ అంటే ఒక చర్చి కిందకి వచ్చే ఊళ్ళు. బాస్టన్ కాలేజీ వాటిని వెతుక్కునేలా పెట్టింది. మనవాళ్ళు లేరు. కానీ ఒక రాత్రంతా అవి చదువుతూ కూర్చున్నాను. మీవాళ్ళు 1840ల కరువు రోజుల్లో న్యూయార్క్‌లో దిగినవాళ్ళయితే 1850లో పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంక్ ఖాతా పుస్తకాలు చూడండి. ఖాతాదారుని గుర్తుపట్టడానికి పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, వచ్చిన ఓడ దాకా రాసుకునేవాళ్ళు.

ఏప్రిల్

లోవెల్‌లో సెయింట్ పాట్రిక్స్ శ్మశానానికి వెళ్ళొచ్చాం. 1830ల నాటిది, పాత పలకరాళ్ళ మీద "ఫలానా పారిష్ వాస్తవ్యుడు, కౌంటీ ఫలానా" అని చెక్కినవి చాలా ఉన్నాయి. మా వాళ్ళ రాయి మీద మాత్రం ఇంటిపేరు, పెద్దాయన పేరు, భార్య పేరు, సంవత్సరాలు, అంతే. మా ఆయనకి నీరసం వచ్చేసింది.

అయితే రాయి చూసి వెనక్కి రాకండి. ఆఫీసులో స్థలం కార్డు అడగండి. ఆ చోటు ఎవరు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, అందులో ఎవరెవర్ని పూడ్చారు అన్నది ఆ కార్డులో ఉంటుంది, రాయి మీద పేరు లేనివాళ్ళు కూడా. ఆఫీసులో పెద్దావిడ ఓపిగ్గా తీసి చూపించారు. కొన్నది పెద్దాయన కాదు. రెండో బిడ్డ జ్ఞానతల్లిగా కనిపించిన ఆ సలివాన్ ఆవిడే కొన్నది, 1890లో, ఏడాది కూడా నిండని ఒక పసిపిల్లని పూడ్చడానికి. అదే కార్డులో ఆఖరి వరుసలో ఆవిడ పేరూ ఉంది, 1931. రాయి మీద ఆవిడ ఊసే లేదు.

ఈవిడే ఆ "తెప్పించుకున్న చెల్లెలు" అని అత్తగారు ఫోన్లో అనేశారు. కావచ్చు, చూద్దాం అన్నాను.

మే

చెల్లెలు కాదు, అక్క. తెప్పించుకున్నదీ ఆయన కాదు.

1900 లెక్కల్లో ఆవిడ లోవెల్‌లో ఒక మిల్లు మేనేజర్ ఇంట్లో వంటమనిషి, వచ్చిన ఏడాది 1876. 1880 లెక్కల్లోనూ ఉంది, పనిమనిషి అని, వయసు 20 అని. మూడేళ్ళు తగ్గించి చెప్పిందని తర్వాత తెలిసింది, పోనీలెండి. అంటే తమ్ముడి కంటే ఏడేళ్ళు ముందే వచ్చింది. ఆ కాలంలో ఐర్లాండ్ నుంచి పెళ్ళికాని ఆడపిల్లలు ఒంటరిగా వేలల్లో వచ్చారు. ఇళ్ళల్లో పనికి కుదిరితే తిండి, బస వాళ్ళవే కాబట్టి జీతం దాదాపు మొత్తం మిగిలేది, ఆ మిగిలింది ఇంటికి పోయేది, తర్వాతివాళ్ళ ఓడ టికెట్టు ఇక్కడే కొని పంపడం మామూలు. పెద్దాయన టికెట్టు ఈవిడే కొన్నదని రుజువు చేసే కాగితం నా దగ్గర లేదు. సంవత్సరాలు మాత్రం అటే చూపిస్తున్నాయి. మా ఇంటి కథలో అన్నయ్య హీరో అయిపోయి అక్క "తెప్పించుకున్న చెల్లెలు" ఎలా అయిందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆవిడకి పిల్లల్లేరు, కథ చెప్పుకునేది పిల్లలున్నవాళ్ళే.

పెళ్ళి చేసుకోలేదు, ఉద్యోగం చేసింది, కాస్త డబ్బు దాచింది అంటే వీలునామా ఉంటుంది. ఈ లెక్క కుదిరింది. మిడిల్‌సెక్స్ కౌంటీ ప్రొబేట్ (వీలునామాల కోర్టు) ఫైల్లో రెండు పేజీల టైపు కాగితం. తమ్ముడి పిల్లలకి వాటాలు. తన ఆత్మకీ తల్లిదండ్రుల ఆత్మలకీ పూజలు చెప్పించడానికి చర్చికి కొంత. ఆ తర్వాత ఒక పేరా: ఐరిష్ ఫ్రీ స్టేట్, కౌంటీ కార్క్, ఐరీస్, ఫలానా టౌన్‌ల్యాండ్‌లో ఉన్న నా సోదరుడి కొడుక్కి ఇంత.

ఐరీస్. బేరా ద్వీపకల్పం ఉత్తరపు అంచున ఊరు. టౌన్‌ల్యాండ్ పేరు ఇక్కడ పెట్టను, వాళ్ళవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఐర్లాండ్ మొత్తం ఇలాంటి 60,000 పైచిలుకు చిన్న చిన్న హద్దులుగా పేర్లు పెట్టి విడదీసి ఉంటుంది, ఒక్కోటి కొన్ని వందల ఎకరాలు, కొన్నిట్లో నాలుగిళ్ళు కూడా ఉండవు. ఆ పేరు దొరికేదాకా ఐర్లాండ్ కాగితాలు తెరవడం దండగ. అది దొరికిన మరుక్షణం అన్నీ తెరుచుకుంటాయి.

ఓ ఇరవై ఏళ్ళు ముందే పుట్టి ఉంటే నేను ఈవిడ్ని... అని అత్తగారు ఏదో అనబోయి ఆగిపోయారు. ఆవిడ పుట్టింది 1947లో, పెద్దావిడ పోయింది 1931లో. వాళ్ళ నాన్నకి మాత్రం ఈ మేనత్త బామ్మ బాగా తెలిసే ఉండాలి, ఒక్కసారీ చెప్పలేదట.

జూన్, జులై

ముందు చెడ్డ వార్త. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం పేలి తగలబడిపోయింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు కొద్ది ముక్కలు తప్ప అందులోనే పోయాయి. 1861, 1871 లెక్కలని ప్రభుత్వమే అంతకుముందే నాశనం చేయించింది, 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జు చేసేశారు. ఇది విన్న చాలామంది ఐర్లాండ్‌లో ఏమీ మిగల్లేదని అక్కడితో వదిలేస్తారు. మిగిలింది తక్కువేం కాదు, పైగా చాలావరకు ఉచితం.

జననాలు, మరణాలు, అన్ని మతాల పెళ్ళిళ్ళు 1864 జనవరి 1 నుంచి ప్రభుత్వం దగ్గర నమోదయ్యాయి. ఐరిష్ జీనియాలజీ అనే ప్రభుత్వ సైట్‌లో అసలు పేజీల బొమ్మలే చూడొచ్చు. పెద్దాయన పుట్టింది అంతకు ముందు, కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళ కోసం వెతికాను. కాసిల్‌టౌన్ రిజిస్ట్రేషన్ జిల్లాలో, వీలునామాలోని టౌన్‌ల్యాండ్‌లో, తండ్రి జాన్ సలివాన్ అని వరుసగా వచ్చాయి. తల్లి పుట్టింటి పేరు హారింగ్టన్. ఫిబ్రవరిలో ఊరికే రాసుకున్న సాక్షి మేనమామల వైపు మనిషన్నమాట. ప్రతి పేజీలోనూ వివరం ఇచ్చినవాళ్ళ సంతకం దగ్గర ఒక ఇంటూ గుర్తు, పక్కన గుమాస్తా చేతిరాతతో "ఆమె గుర్తు" అని.

ఒక తమాషా. 1866లో పుట్టిన తమ్ముడికి ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉన్న పుట్టినరోజు కంటే చర్చిలో జ్ఞానస్నానం తేదీ మూడు వారాలు ముందుంది. పుట్టకముందే జ్ఞానస్నానం ఎలా అని కంగారు పడక్కర్లేదు. రిజిస్టర్ చేయించడం ఆలస్యమైతే జరిమానా, కాబట్టి ఆఫీసుకి వెళ్ళిన రోజుకి దగ్గరగా ఉండేలా ఒక తేదీ చెప్పేసేవాళ్ళు. చర్చి తేదీనే నమ్మండి.

చర్చి పుస్తకాలు జాతీయ గ్రంథాలయం సైట్‌లో 2015 నుంచి ఉన్నాయి, చాలా పారిష్‌లకి సుమారు 1880 దాకా. పాత మైక్రోఫిల్మ్, కొన్ని పేజీలు మసి పూసినట్టు ఉంటాయి. పేర్లు ఒక్కోచోట లాటిన్‌లో: జేమ్స్ అయితే యాకోబుస్, విలియమ్ అయితే గులియెల్ముస్. జెరమయా అయితే ఇంకా చిక్కు, అదే మనిషి ఇంకోచోట డార్బీ. ఇంట్లో పిలిచేది డియార్మిడ్, ఇంగ్లీషు కాగితాల్లోకి వచ్చేసరికి గుమాస్తాకి తోచింది జెరమయా అనో డార్బీ అనో పెడతాడు. ఐరీస్ పుస్తకంలో అక్క 1857, అన్న 1859, పెద్దాయన 1861. దొరికాడు.

అమ్మానాన్నల పెళ్ళి 1856. పక్కన ఒక చిన్న గమనిక, "మూడో డిగ్రీ రక్తసంబంధం". అంటే పెళ్ళికొడుకు అవ్వాతాతల్లో ఒకరూ పెళ్ళికూతురి అవ్వాతాతల్లో ఒకరూ తోబుట్టువులు, ఇద్దరికీ ఒక జత ముత్తాత ముత్తవ్వలు ఒక్కరే. అంత దూరానికి కూడా ఫాదర్ అనుమతి తెచ్చి, తెచ్చినట్టు పుస్తకంలో రాయాలి. మేనమామ పెళ్ళిళ్ళు చూసి పెరిగినదాన్ని, నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి మాత్రం రాలేదు.

1901, 1911 జనాభా లెక్కలు పూర్తిగా ఉన్నాయి, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉచితం. మనుషుల ఫారం ఒకటి, ఇంటి ఫారం ఇంకొకటి. ఇంటి ఫారంలో గోడ రాయి ఇటుకలదైతే 1, మట్టిదైతే 0, కప్పు పలకరాయిదైతే 1, గడ్డిదైతే 0, ముందు వైపు కిటికీలెన్ని, గదులెన్ని, అన్నీ కూడి ఇల్లు ఏ తరగతి. మా వాళ్ళది 1901లో గోడ 1, కప్పు 0, ముందు కిటికీలు రెండు, మూడో తరగతి. 1911లో కప్పు దగ్గర 1 వచ్చింది. పలకల కప్పు వేయించే డబ్బు ఎక్కడిదో ఫారం చెప్పదు, లోవెల్ వంటింటివైపే నా అనుమానం.

ఇంటి పెద్ద తల్లే, వితంతువు. భాష గడిలో ఆమెకి ఐరిష్, ఇంగ్లీషు రెండూ, చదువు గడిలో "చదవలేదు". 1901లో వయసు 58, 1911లో 75! పదేళ్ళలో పదిహేడేళ్ళు పెరిగింది. కారణం వృద్ధాప్య పింఛను, 1908లో చట్టమై 1909 జనవరి నుంచి ఇచ్చారు, 70 నిండితేనే. దేశమంతా ఆ రెండు లెక్కల మధ్య ముసలివాళ్ళు ఒక్కసారిగా ఎక్కువ ముసలివాళ్ళయ్యారు. 1911 ఫారంలో ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్న భర్త ఉన్న ఆడవాళ్ళకే. ఈవిడ వితంతువైనా చెప్పింది, అధికారి గీత కొట్టేశాడు, గీత కింద అంకెలు శుభ్రంగా కనిపిస్తున్నాయి: 9, 6.

ఈ పింఛను వల్లే ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన కాగితం దొరికింది. 1864కి ముందు పుట్టినవాళ్ళకి జనన ధృవీకరణ ఉండదు కదా, వయసు రుజువుకి డబ్లిన్‌లోని 1841, 1851 లెక్కలు వెతికించేవాళ్ళు. ఆ లెక్కలు 1922లో కాలిపోయాయి, కానీ అంతకుముందు వెతికిన ఫారాలు బతికాయి! అవి కూడా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే ఉన్నాయి, చాలామంది అటు చూడరు. తల్లి పేరు మీద 1910 నాటి ఫారం ఉంది. తండ్రి డార్బీ హారింగ్టన్, పక్క టౌన్‌ల్యాండ్, 1851లో దొరికింది, వయసు 14, ఒక తమ్ముడు 5. ఆకలి రోజులు దాటి వచ్చిన ఇల్లు అది. 1845లో బంగాళదుంపకి తెగులు తగిలిన నాటి నుంచి 1852 వరకూ దేశంలో పది లక్షల మంది పోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. ఆ పధ్నాలుగేళ్ళ పిల్లకీ ఐదేళ్ళ తమ్ముడికీ మధ్య తొమ్మిదేళ్ళ ఎడం, మధ్యలో ఎవరైనా ఉన్నారా అన్నది ఫారంలో లేదు.

డార్బీ అన్న పేరు చూడగానే కుర్చీలోంచి లేచాను. ఐర్లాండ్‌లో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ, మనకీ తెలిసిన పద్ధతే. పెద్దాయన రెండో కొడుకు. జెరమయా, డార్బీ ఒకే పేరు. తాత పేరే పెట్టారు.

అదే సూత్రం ఇటువైపు కూడా వేసి చూశాను. అన్న పేరు బార్తొలొమ్యూ, అంటే తండ్రి తండ్రి కూడా అదే అయ్యుండాలి. ఇక్కడ గ్రిఫిత్ మదింపు పనికొచ్చింది. రిచర్డ్ గ్రిఫిత్ 1847 నుంచి 1864 మధ్య దేశమంతా తిరిగి పన్ను కోసం తయారు చేయించిన జాబితా, మన అడంగల్ లాంటిది: ఎవరి సాగు, ఎవరి దగ్గర కౌలు, ఎన్ని ఎకరాలు, నేలకెంత, ఇంటికెంత. ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్‌లో మ్యాపుతో సహా ఉచితంగా ఉంది. ఆ టౌన్‌ల్యాండ్‌లో జాన్ సలివాన్లు నలుగురు. ఒకే పేరువాళ్ళని విడదీయడానికి గుమాస్తాలు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరో, వృత్తో, జుట్టు రంగో రాసేవాళ్ళు. వాళ్ళలో ఒకడు "జాన్ సలివాన్ (బాట్)". బాట్ అంటే బార్తొలొమ్యూ. ఇంటి మదింపు 5 షిల్లింగులు.

ఇది నూటికి నూరుపాళ్ళు రుజువా అంటే కాదు. మిగతా ముగ్గురు జాన్‌ల పక్కన బాట్ లేదు, పేర్ల వరుస సరిపోయింది, పెళ్ళి కాలం సరిపోయింది. నా నోట్సులో "చాలావరకు" అని రాసుకున్నాను.

ఆగస్టు

అత్తగారు గొట్టంలో ఉమ్మి నింపి పంపిన డీఎన్‌ఏ ఫలితాలు వచ్చాయి. శాతాల మ్యాపు చూసి ఆవిడ సంబరపడ్డారు, నాకు దానితో పని లేదు, జత కలిసినవాళ్ళ జాబితాతోనే పని. పైవరసల్లో బ్యూట్‌లో ఉండే ఒకావిడ. మెయిల్ రాస్తే గంటలో జవాబు: మా ముత్తాత ఐరీస్ నుంచి గనుల్లో పనికి వచ్చాడు, పుట్టింది 1866. జరిమానా తప్పించుకోవడానికి తేదీ మార్చిన ఆ తమ్ముడే!

లెక్క ప్రకారం వీళ్ళిద్దరూ మూడో వరస కజిన్లు, సగటున 70 సెంటీమార్గాన్ల (ఇద్దరి డీఎన్‌ఏ ఎంత కలిసిందో కొలిచే కొలత) పైచిలుకు కలవాలి. వీళ్ళకి వంద దాటింది. బేరాలాంటి చోట తరతరాలు ఆ నాలుగు ఇంటిపేర్ల మధ్యే పెళ్ళిళ్ళు, పైగా 1856 పెళ్ళి గమనిక ఉండనే ఉంది, కాబట్టి అంకె ఉబ్బుతుంది. ఒక్క అంకె చూసి చుట్టరికం తేల్చేస్తే ఇలాంటిచోట బోల్తాపడతాం. ఇక్కడ కాగితాలు ముందే ఉన్నాయి, డీఎన్‌ఏ వాటికి తోడొచ్చింది.

సెప్టెంబర్

మిగిలిన పనులు. గ్రిఫిత్ తర్వాత ఆ నేల, ఇల్లు ఎవరి చేతికి మారాయో రాసుకున్న సవరణ పుస్తకాలు డబ్లిన్‌లో ఉన్నాయి. ఒక్కో విడత మార్పులని ఒక్కో రంగు సిరాతో కొట్టేసి పైన రాసేవాళ్ళు, రంగుని బట్టి ఏడాది పట్టుకోవచ్చు. జాన్ (బాట్) అనుమానం అక్కడ తీరే అవకాశం ఎక్కువ: ఆ పేరు కొట్టేసి పైన వితంతువు పేరు ఉంటే సరిపోయినట్టే, వేరే కుటుంబం పేరుంటే మిగతా ముగ్గురు జాన్‌ల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఆ పని డబ్లిన్‌లో కూర్చుని చేసుకోవాలని ఉంది, వచ్చే వేసవికి అత్తగారు టికెట్లు చూస్తున్నారు.

1911 ఫారంలో తొమ్మిది అని ఉన్నా నాకు జ్ఞానస్నానాలు దొరికింది ఎనిమిదే. 1870ల పేజీలు కొన్ని మసగ్గా ఉన్నాయి, వాటిని మళ్ళీ చూడాలి.

శ్మశానం ఆఫీసుకి రాయి మీద అక్క పేరు చేర్పించడానికి దరఖాస్తు పెట్టాం. పుట్టిన సంవత్సరం ఏది వేయాలని అడిగారు, 1880 లెక్కల్లో ఒకటి, 1900లో ఇంకొకటి ఉన్నాయి కదా అని. 1857 అని రాసి, ఐరీస్ చర్చి పేజీ ప్రింటు జత చేశాను.